20 కి.మీ. బయాథ్లాన్‌లో రెండు మిస్ చేసినవాడికి గోల్డ్ ఎలా వచ్చింది? గుంటూరు నుంచి ఆ ఆటకు సిద్ధం కావచ్చా?

అడిగినవారు గుంటూరులో డిగ్రీ చదువుతున్న ఎన్‌సీసీ క్యాడెట్. వారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "2018 ప్యోంగ్‌చాంగ్ వింటర్ ఒలింపిక్స్‌లో పురుషుల 20 కిలోమీటర్ల బయాథ్లాన్ వీడియో చూశాను. ఇరవైకి ఇరవై కొట్టినవాడికి సిల్వర్, రెండు మిస్ చేసినవాడికి గోల్డ్. ఇదెక్కడి లెక్క? నేను పరుగు బాగానే తీస్తాను, క్యాంపులో పాయింట్ టూ టూ (చిన్న క్యాలిబర్ రైఫిల్) ఫైరింగ్‌లో గ్రూప్ కూడా (గుండ్లన్నీ ఒకే చోట దగ్గరగా పడడం) బాగా వస్తుంది. నాలాంటివాడు ఇక్కడి నుంచి ఈ ఆటకు తయారు కావచ్చా?"

నేను విజయవాడలో రైఫిల్ షూటింగ్ నేర్పుతాను. ఆయాసపడుతున్న పిల్లల చేత గురి కొట్టించడం నా రోజువారీ పనిలో ఒక భాగం. మంచు మీద స్కీ చేస్తూ మధ్యమధ్యలో ఆగి రైఫిల్‌తో గురి కొట్టే ఈ ఆటను చాలా ఏళ్లుగా శ్రద్ధగా చూస్తున్నాను కూడా. కాబట్టి షూటింగ్ వైపు నుంచి చెబుతాను.

ముందు సూటిగా జవాబు. గోల్డ్ వచ్చినవాడికి రెండు మిస్సులకు రెండు నిమిషాలు కలిపారు, అయినా అతను మిగతావాళ్లకంటే ముందే ఉన్నాడు. అంత వేగంగా వచ్చాడు. ఇక మీ సంగతికి వస్తే, షూటింగ్ సగం గుంటూరులోనే బాగా నేర్చుకోవచ్చు. స్కీయింగ్ సగానికి మాత్రం మంచు దగ్గరికి వెళ్లక తప్పదు. దాని గురించి చివర్లో చెబుతాను.

మీరు చూసిన రేసు పేరు ఇండివిజువల్. బయాథ్లాన్‌లో అన్నిటికన్నా పాతది, పొడవైనది ఇదే. ఆటగాళ్లు అర నిమిషానికొకరు చొప్పున బయల్దేరతారు. రైఫిల్ వీపున ఉంటుంది, దాని బరువు కనీసం మూడున్నర కిలోలు. ఐదు రౌండ్లు స్కీ చేయాలి, మధ్యలో నాలుగుసార్లు రేంజ్‌కు రావాలి. మొదట పడుకుని, తర్వాత నిలబడి, మళ్లీ పడుకుని, మళ్లీ నిలబడి. ప్రతిసారీ ఐదు టార్గెట్లు, ఐదే గుండ్లు. రిలేలో మాదిరిగా స్పేర్ గుండ్లు ఉండవు. కొట్టిన టార్గెట్ తెల్లబడుతుంది, కొట్టనిది నల్లగానే ఉండిపోతుంది. నల్లగా మిగిలిన ప్రతిదానికీ మీ టైమ్‌కు ఒక నిమిషం కలుస్తుంది.

ఈ నిమిషం దగ్గరే ఆట మొత్తం ఉంది. స్ప్రింట్ లాంటి మిగతా రేసుల్లో మిస్ చేస్తే 150 మీటర్ల పెనాల్టీ లూప్ తిరగాలి. మంచి ఆటగాడికి దానికి పట్టేది అర నిమిషం లోపే. ఇండివిజువల్‌లో అదే తప్పుకు రెట్టింపు కంటే ఎక్కువ నష్టం. అందుకే "షూటర్ల రేసు" అని దీనికి పేరు. కానీ ఆ పేరు చూసి, గురి ఒక్కటీ ఉంటే చాలనుకోకూడదు.

మీరు చూసిన రేసు లెక్క ఇదిగో. నార్వేకు చెందిన యోహానెస్ తింగ్నెస్ బో టైమ్ 48 నిమిషాల 3.8 సెకన్లు. అందులో రెండు నిమిషాలు మిస్సులవి. అవి తీసేస్తే 46 నిమిషాల 3.8 సెకన్లు. స్లొవేనియాకు చెందిన యాకోవ్ ఫాక్ ఇరవై కొట్టాడు, టైమ్ 48 నిమిషాల 9.3 సెకన్లు. అంటే ట్రాక్ మీదా రేంజ్‌లోనూ గడిపిన సమయం మాత్రమే చూస్తే బో 2 నిమిషాల 5.5 సెకన్లు ముందున్నాడు. పెనాల్టీ రెండు నిమిషాలు పోను మిగిలింది ఐదున్నర సెకన్లు. గోల్డ్ ఆ ఐదున్నర సెకన్లదే. కాంస్యం అందుకున్న ఆస్ట్రియా ఆటగాడు డొమినిక్ లాండెర్టింగర్ కూడా ఒక్కటీ మిస్ చేయలేదు.

ఇరవై కిలోమీటర్ల మీద పరిచి చూస్తే ఆ తేడా కిలోమీటరుకు ఆరు సెకన్ల పైచిలుకు. మీరు పరుగు తీస్తానన్నారు కాబట్టి మీకు అర్థమవుతుంది. ఒక్క కిలోమీటరులో ఆరు సెకన్లు పెద్ద విషయం కాదు. దాన్ని ఇరవై సార్లు నిలబెట్టడం, మధ్యలో నాలుగుసార్లు గుండె దడ తగ్గించుకుని గురి చూడడం, మళ్లీ అదే స్పీడ్ అందుకోవడం, అదీ కష్టం.

ఇదేదో ఆ ఒక్కసారి జరిగిన విడ్డూరం కూడా కాదు. 2014లో సోచిలో ఫ్రాన్స్ ఆటగాడు మార్టిన్ ఫోర్‌కాడ్ ఒకటి మిస్ చేసి గోల్డ్ గెలిచాడు, ఇరవై కొట్టిన జర్మన్ ఎరిక్ లెస్సర్‌కు సిల్వర్ వచ్చింది. 2022లో బీజింగ్‌లో ఫ్రాన్స్‌కే చెందిన కాంతాన్ ఫియోన్ మయే రెండు మిస్ చేసి గోల్డ్ గెలిచాడు, ఇరవై కొట్టిన బెలారస్ ఆటగాడు అంతోన్ స్మోల్‌స్కీకి సిల్వర్. వరసగా మూడు ఒలింపిక్స్‌లో తప్పు లేకుండా కాల్చినవాడు రెండో స్థానంలో ఆగాడు.

మరి ఇరవై కొట్టడం దండగా అంటే, కానే కాదు. వాళ్ల స్కీ వేగానికి సిల్వర్ వచ్చిందంటే ఆ ఇరవై గుండ్ల వల్లే. ఇంకో వైపు కూడా చూడండి. అదే ప్యోంగ్‌చాంగ్ రేసులో ఫోర్‌కాడ్ చివరి షూటింగ్ దాకా ఒక్కటీ మిస్ చేయలేదు, గెలుపు దారిలో ఉన్నాడు. నిలబడి కాల్చే ఆఖరి స్టాండింగ్‌లో రెండు పోయాయి. ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అంతటి ఆటగాడికే.

పెనాల్టీ ఎంత అన్నదాన్ని బట్టి గెలిచే మనిషే మారిపోతాడు. 1960లో స్క్వా వ్యాలీలో ఒలింపిక్స్‌లో తొలిసారి ఈ 20 కిలోమీటర్ల రేసు పెట్టినప్పుడు మిస్సుకు రెండు నిమిషాలు. అప్పట్లో పెద్ద క్యాలిబర్ రైఫిళ్లు, టార్గెట్లు వంద మీటర్ల నుంచి 250 మీటర్ల దాకా వేర్వేరు దూరాల్లో ఉండేవి. స్వీడన్‌కు చెందిన క్లాస్ లెస్టాండర్ స్కీయింగ్ టైమ్‌లో పదిహేనోవాడు, కానీ ఇరవైకి ఇరవై కొట్టి గోల్డ్ తీసుకెళ్లాడు. అదే రేసులో అందరికన్నా వేగంగా స్కీ చేసిన ఫ్రెంచ్ ఆటగాడు విక్టర్ అర్బే ఇరవైలో పద్దెనిమిది మిస్ చేశాడు. పెనాల్టీయే 36 నిమిషాలు! తర్వాత మిస్సు ఖరీదు నిమిషానికి దిగింది, 1978 నుంచి పాయింట్ టూ టూ రైఫిల్, యాభై మీటర్ల రేంజ్ వచ్చాయి. అప్పటి నుంచి వేగానికి విలువ పెరిగింది.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. టార్గెట్ సంగతి.

పడుకుని కొట్టే టార్గెట్ వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కొట్టేది 115. రెండూ యాభై మీటర్ల దూరంలోనే. మా యాభై మీటర్ల రైఫిల్ టార్గెట్‌తో పోల్చి చూస్తే, మాకు పది పాయింట్ల వలయం పదిన్నర మిల్లీమీటర్ల లోపే. బయాథ్లాన్ ప్రోన్ (పడుకుని కొట్టే) టార్గెట్ మా ఎనిమిదో వలయం కన్నా కాస్త పెద్దది. స్టాండింగ్ టార్గెట్ అయితే దాదాపు మా నల్ల గుండ్రం మొత్తం. ఇది వినగానే మా పిల్లలు "ఇంతేనా సార్, కళ్లు మూసుకుని కొడతాం" అంటారు. అన్నవాళ్లందరినీ నేను రేంజ్ బయట మెట్లు నాలుగైదుసార్లు ఎక్కి దిగి రమ్మంటాను. వచ్చి రైఫిల్ ఎత్తగానే మాట పడిపోతుంది.

ఆ క్షణం దగ్గరి నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. రైఫిల్ వెనక వైపు గురి చూసే పీప్ సైట్ రంధ్రంలో కన్ను పెడతారు. ఊపిరి వేడికి కళ్లద్దాలు మసకబారతాయి. కనుబొమ్మ మీద నుంచి చెమట చుక్క జారి సరిగ్గా కంటి మూలకు వస్తుంది. తడిసిన చెంప రైఫిల్ చెక్క మీద జారుతుంది. ముందు సైట్ వలయం టార్గెట్ చుట్టూ ఆగదు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ పైకీ కిందికీ ఎగురుతుంది. దుర్గ గుడి మెట్లు పరుగున ఎక్కొచ్చి, అదే ఊపులో సూదిలో దారం ఎక్కించమన్నట్టు ఉంటుంది వాళ్ల పరిస్థితి.

బయాథ్లాన్ ఆటగాళ్లు ట్రాక్ మీద గుండె నిమిషానికి 170, 180 సార్లు కొట్టుకుంటుండగా వస్తారు. రేంజ్ దగ్గర పడేకొద్దీ కొంచెం నెమ్మదిస్తారు. ఎంత నెమ్మదించాలి అన్నదే అసలు విద్య. మరీ తగ్గిస్తే సెకన్లు పోతాయి, పైగా గుండె బాగా నెమ్మదించాక ప్రతి దెబ్బా బలంగా తగిలి సైట్ ఇంకా ఎక్కువ ఎగిరినట్టు అనిపిస్తుందని మా పిల్లలే చాలామంది చెప్పారు. తగ్గించకుండా వస్తే కాళ్లు వణుకుతాయి, ముఖ్యంగా స్టాండింగ్‌లో. నా దృష్టిలో ఇండివిజువల్ రేసు గెలిచేదీ ఓడేదీ మ్యాట్ (కాల్చే చోట పరిచే చాప) మీద కాదు, మ్యాట్‌కు ముందున్న ఆ కాస్త దూరంలో. ఇవాళ ఒంట్లో ఎంత దమ్ము ఉంది, గాలి ఎలా ఉంది, ఈసారి ఎంత వేగంతో లోపలికి వెళ్తే ఐదూ కొట్టగలను అన్న లెక్క ఆటగాడు అక్కడే వేసుకుంటాడు. నిమిషం పెనాల్టీ ఉన్న రేసులో ఆ లెక్క ఒక్కసారి తప్పినా సరిదిద్దుకోవడానికి బో లాంటి కాళ్లు కావాలి.

గాలి గురించి కూడా ఒక మాట. పాయింట్ టూ టూ గుండు తేలిక, వేగం తక్కువ. గట్టి పక్కగాలికి యాభై మీటర్లలో రెండు సెంటీమీటర్లకు పైగా జరగడం మామూలే. ప్రోన్ టార్గెట్ మధ్య నుంచి అంచుకు దూరం కూడా అంతే కదా. అంటే ఆటగాడు ఏ తప్పూ చేయకుండా నడిమధ్యకు గురి చూసి కాల్చినా మిస్సే. అందుకని రేంజ్‌లో గాలి జెండాలు ఉంటాయి. రేసుకు ముందు కాగితం టార్గెట్ మీద సైట్ సరిచూసుకుంటారు, రేసు మధ్యలో గాలి మారితే సైట్‌ను కొద్దికొద్దిగా జరిపే క్లిక్కులు తిప్పుకుంటారు. వెనక నుంచి కోచ్ టెలిస్కోప్‌తో చూస్తూ గుండు ఎటు పోయిందో చెబుతాడు. వీడియోలో ఎవరైనా పడుకోగానే కాల్చకుండా సైట్ దగ్గర వేళ్లతో ఏదో తిప్పుతూ కనిపిస్తే, పోగొట్టుకుంటున్న ఆ రెండు మూడు సెకన్లకు బదులు ఒక నిమిషం కాపాడుకుంటున్నాడని అర్థం చేసుకోండి.

ట్రిగ్గర్ కూడా మనం అలవాటుపడినట్టు ఉండదు. బయాథ్లాన్‌లో కనీసం అర కిలో ఒత్తిడి ఉండాలని నియమం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ దానితో పోలిస్తే ఈక లాంటిది, తాకితే పేలుతుంది. చలికి మొద్దుబారిన వేలితో అర కిలో ట్రిగ్గర్‌ను ఒకే తీరున లాగడానికి వేరే సాధన కావాలి. మీకు ఎన్‌సీసీ రైఫిల్ గట్టి ట్రిగ్గర్ అలవాటు ఉంది కాబట్టి ఈ ఒక్క విషయంలో మా ఎయిర్ రైఫిల్ పిల్లల కన్నా మీరే నయం.

నా దగ్గర చూసిన రెండు ఉదాహరణలు చెప్పి మీ ప్రశ్న రెండో సగానికి వెళ్తాను. ఒకమ్మాయి ఏసీ హాల్లో అద్భుతంగా కొట్టేది. ప్రతి షాట్‌కూ బాగా టైమ్ తీసుకుని, ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాకే ట్రిగ్గర్ లాగేది. స్కిప్పింగ్ చేయించి కాల్చమంటే మొదటి గుండు బయటికి పోయేది, దాన్ని తలచుకుని రెండోదీ పోయేది. తాడేపల్లి నుంచి బ్యారేజీ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చే ఇంకో కుర్రాడి స్కోరు హాల్లో ఎప్పుడూ మధ్యరకమే. ఆయాసంలోనూ అతని స్కోరు అంతే ఉండేది! తేడా ఎక్కడుందా అని కూర్చుని గమనించాను. అతను సైట్ కదలకుండా ఆగాలని ఎదురుచూడడు. ఊపిరి వదిలి, చివర్లో వచ్చే చిన్న విరామంలో, సైట్ టార్గెట్ మీదుగా పోతుండగానే వేలు బిగించేస్తాడు. ఒక షాట్, ఒకటి రెండు ఊపిర్లు, ఇంకో షాట్. తాళం తప్పదు. పోయిన షాట్ గురించి ఆలోచించడానికి ఆ తాళంలో చోటే లేదు. బయాథ్లాన్‌కు కావాల్సింది ఈ రెండో రకం స్వభావం. మొదటి రకం పిల్లలకు కూడా నేర్పవచ్చు, ఆ అమ్మాయి తర్వాత చాలా మెరుగైంది. కానీ నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

ఇక మీరు ఏం చేయాలి.

మొదట, గ్రూప్ ఎలా వస్తోందో ఆయాసంలో చూసుకోండి. ఎన్‌సీసీలో మీరు కాల్చేది పాతిక మీటర్ల దూరం, పడుకుని, నింపాదిగా. అది మంచి పునాదే, కానీ ఈ ఆటకు అది మొదటి మెట్టు మాత్రమే. దగ్గర్లో ఎయిర్ రైఫిల్ రేంజ్ ఉంటే చేరండి. కోచ్‌ను అడిగి, ఆయన ఎదురుగానే, నాలుగు వందల మీటర్లు పరిగెత్తి వచ్చి ఐదు షాట్లు కాల్చండి. టార్గెట్ స్ప్రింట్ అని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీ ఒకటి ఉంది, పరుగూ పది మీటర్ల ఎయిర్ రైఫిలూ కలిపినది. మంచు అక్కర్లేదు. ఆంధ్రలో కూర్చుని బయాథ్లాన్ రుచి చూడాలంటే ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించలేదు.

రైఫిల్ రేంజ్‌లోనే ఉండాలి. మీరే పరిగెత్తాలి. టీవీలో చూసి రైఫిల్ వీపున కట్టుకుని బీఆర్ స్టేడియం చుట్టూ తిరగకండి. చూసినవాళ్లు హడలిపోతారు, పోలీసులు ఆపుతారు, వాళ్లు ఆపడంలో తప్పు కూడా లేదు. బరువు అలవాటు కావాలంటే బ్యాగులో మూడు నాలుగు కిలోల ఇసుక సంచి వేసుకోండి. ఆయాసంలో చేతులు వణుకుతున్నప్పుడు వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట ఉందో లేదో చూసుకోవడం మీకు రిఫ్లెక్స్ అయ్యేదాకా అసలు గుండ్లతో ఈ సాధన వద్దు. ఖాళీ రైఫిల్‌తో చేయండి. దీంట్లో నేను ఎవరి మాటా వినను, ఎంత బాగా కాల్చేవాడైనా సరే.

వేసవిలో జాగ్రత్త. రోహిణి కార్తెలో మన దగ్గర పొద్దున ఎనిమిది దాటాక ఈ సాధన చేస్తే కళ్లు తిరుగుతాయి, గురి మాట దేవుడెరుగు. తెల్లవారుజామునే ముగించండి. ఎత్తు పల్లాల కోసం కొండవీడు ఘాట్ రోడ్డు మంచిది, కాళ్లకు కావాల్సిన పని దొరుకుతుంది. స్కీయింగ్‌లో మాత్రం సగం బలం చేతులది, వీపుది. మన పరుగు కుర్రాళ్లు అక్కడే తేలిపోతారు. పులప్స్ మానకండి. వీలైతే కృష్ణలో పడవ తెడ్డు వేసే క్రీడ నేర్చుకోండి, అదే కండరాలు పనిచేస్తాయి.

స్కీయింగ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. నార్వే, ఫ్రాన్స్, జర్మనీ పిల్లలు నడక వచ్చిన కొద్దికాలానికే స్కీ మీద ఉంటారు. ఇరవై ఏళ్లకు మొదలుపెట్టి వాళ్లతో ఒలింపిక్స్‌లో పోటీ పడతానంటే నేను ఊ అనలేను. కానీ మన దేశంలో ఈ ఆట ఆడే స్థాయికి రావడం వేరే విషయం, అది అసాధ్యం కాదు. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, కొత్తవాళ్లకు కోర్సులు పెడుతుంది. సైన్యానికి అక్కడే హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ ఉంది. మన దేశపు క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో సైన్యానిదే పెద్ద చెయ్యి. 2018 ప్యోంగ్‌చాంగ్‌లో భారత్ తరఫున క్రాస్ కంట్రీలో దిగిన జగదీశ్ సింగ్ కూడా సైనికుడే. ఈ ఆట పుట్టిందే మంచు దేశాల సైనికుల్లో, కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. మీరు ఎన్‌సీసీలో ఉన్నారు, సైన్యంలో చేరే ఆలోచన ఎలాగూ ఉంటే, మైదానప్రాంతపు కుర్రాడికి మంచు దాకా వెళ్లడానికి అదే నమ్మదగిన దారి. సొంత ఖర్చుతో స్కీలు, రైఫిల్, ప్రయాణాలు మోయడం మధ్యతరగతి ఇంటికి చాలా భారం. ఇంట్లోవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడండి.

ఈలోగా రోలర్ స్కీలు (చక్రాల స్కీలు) దొరికితే మంచిదే, వేసవిలో యూరప్ ఆటగాళ్లు కూడా తారు రోడ్డు మీద వాటితోనే సాధన చేస్తారు. మన రోడ్ల మీద మాత్రం ట్రాఫిక్ లేని క్యాంపస్ లోపలే తొక్కండి, హెల్మెట్ లేకుండా వద్దు.

ఈ నెల మీకొక పని ఇస్తాను, పైన చెప్పిన వేలి జాగ్రత్త రిఫ్లెక్స్ అయ్యాకే మొదలుపెట్టండి. రేంజ్‌లో ప్రశాంతంగా ఐదు షాట్లు ఒక కాగితం మీద, నాలుగు వందల మీటర్లు పరిగెత్తి వచ్చాక ఐదు షాట్లు ఇంకో కాగితం మీద కాల్చండి. రెండో కాగితం మీద, రేంజ్‌లోకి అడుగుపెట్టినప్పటి నుంచి మొదటి షాట్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో, ఐదూ పూర్తవడానికి ఎన్ని పట్టాయో పక్కనున్నవారి చేత రాయించండి. వారానికి రెండుసార్లు చాలు. కాగితాలు పారేయకండి. నెలాఖరుకు వాటి ఫొటోలు ఇక్కడే పెట్టండి. గుండ్లు పైకీ కిందికీ పోతున్నాయా, పక్కలకు పోతున్నాయా అన్నది చూస్తే ఊపిరి దగ్గర ఇబ్బందో, ట్రిగ్గర్ దగ్గరో చాలావరకు చెప్పగలను.